వంకాయ నామవాచకం

తెనాలిలో సుందరమ్మ గారింట్లో ఇంగ్లీషు గ్రామరు శాఖ ఆవిడదే. కొడుకు రవిశంకర్, కోడలు ఇద్దరికీ గుంటూరులో ఉద్యోగాలు. పొద్దున్నే రైలెక్కి దీపాలు పెట్టే వేళకు వస్తారు. ఐదో తరగతి చదివే మనవరాలు శ్రీవిద్య చేత హోంవర్కు చేయించడం నానమ్మ వంతు. లెక్కలంటే సుందరమ్మకు భయం, సైన్సంటే అనుమానం. ఇంగ్లీషంటే మాత్రం ధీమా. వాళ్ళన్నయ్య రామబ్రహ్మం బాపట్లలో ఇంగ్లీషు లెక్చరరుగా చేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని చదువుకున్న తనకు ఇంగ్లీషు రాకపోవడం ఏమిటని ఆవిడ నమ్మకం.

ఆ నమ్మకంతోనే ఆవిడ ఒక పద్ధతి కనిపెట్టింది. ఇంగ్లీషు మాట ఏదైనా సరే, వెనక తెలుగు తగిలించి చూడాలి. ‘చెయ్యి’ అతికితే వెర్బు. ‘గా’ అతికితే అడ్జెక్టివు. ‘లు’ అతికితే నౌను. వాష్ చెయ్యి, కాబట్టి వెర్బు. నీట్‌గా, కాబట్టి అడ్జెక్టివు. ఫ్యాన్లు, కాబట్టి నౌను.

శ్రీవిద్యకు ఇది తెగ నచ్చింది. నచ్చినందుకు స్లిప్ టెస్టులో సగం మార్కులు పోయాయి. టిఫిన్ చెయ్యి అంటాం కాబట్టి టిఫిన్ వెర్బు అని రాసింది. ఫ్రై చెయ్యి అంటాం కాబట్టి ‘పొటాటో ఫ్రై’లో ఫ్రై కూడా వెర్బు అని రాసింది. దిద్దిన పేపరు ఇంటికొచ్చిన రోజు సుందరమ్మ ఆ రెండు ఇంటూ మార్కులనూ చూసి, పద్ధతిలో చిన్న లోపం ఉందని మనసులోనే ఒప్పుకుంది. మూడో ఇంటూ దగ్గర మాత్రం ఆవిడ కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

ప్రశ్న చాలా మామూలుది. ‘గ్రాండ్‌మదర్ మేక్స్ బ్రింజాల్ ఫ్రై’ అన్న వాక్యంలో బ్రింజాల్ కింద గీత గీసి, అది నౌనా, వెర్బా, అడ్జెక్టివా అని అడిగారు. శ్రీవిద్య నౌను అని రాసింది. టీచరు దాన్ని కొట్టేసి, పక్కన ఎర్రగా అడ్జెక్టివ్ అని రాసింది.

“వంకాయ అడ్జెక్టివేంటే?” అంది సుందరమ్మ.

“ఏమో నానమ్మా. టీచర్ అలా రాశారు.”

“అడ్జెక్టివ్ అంటే విశేషణం. వంకాయ విశేషణం అంటుందా ఆ అమ్మాయి?”

“అనలేదు. రాశారు.”

మర్నాడు స్కూలు వదిలే వేళకు సుందరమ్మ పేపరు మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళింది. సునీల టీచరు చిన్న వయసు పిల్ల, నెమ్మదస్తురాలు. కుర్చీ లాగి పెద్దావిడను కూర్చోబెట్టి, చెప్పిందంతా విన్నది.

“ఇప్పుడు ఫ్రై ఉందనుకోండమ్మా. ఏ ఫ్రై అని అడిగాం. బ్రింజాల్ ఫ్రై. అది ఎలాంటి ఫ్రైయో చెప్తోంది కదండీ. అలా చెప్పే మాట అడ్జెక్టివే అండి.”

“నల్లటి వంకాయ అంటే నల్లటి అన్నది విశేషణం. లేత వంకాయ అంటే లేత విశేషణం. అంతవరకూ నువ్వు చెప్పిన మాటే. కానీ అమ్మాయ్, వంకాయకి తొడిమ ఉంటుంది, పుచ్చు ఉంటుంది, గింజలుంటాయి. విశేషణానికి పుచ్చు ఉంటుందా?”

సునీల నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు చూసింది. “తొడిమ లెక్కలోకి రాదండి.”

“‘లు’ కూడా అతుకుతుంది. వంకాయలు.”

“శ్రీవిద్య మీ పద్ధతి నాకు చెప్పిందండి. మరి డాక్టర్‌గా పనిచేస్తున్నాడు అంటాం కదా. గా అతికింది. డాక్టర్ కూడా అడ్జెక్టివేనా అండి?”

జవాబు తోచనప్పుడు సుందరమ్మకు మొదట్నుంచీ చెప్పడం అలవాటు. మళ్ళీ తొడిమ దగ్గర్నుంచి మొదలుపెట్టింది. స్కూలు ఆయా గదులకు తాళాలు వేసి వచ్చి గుమ్మంలో నిలబడింది.

చివరికి సునీల అంది. “ఇది నా సొంత తెలివి కాదమ్మా. మాకు డిగ్రీలో హనుమాన్‌ప్రసాద్ సార్ చెప్పారు. ఇప్పుడు రేపల్లెలో ఉంటున్నారు. ఆయన నౌను అంటే నేను ఆ క్షణమే మార్కు ఇచ్చేస్తానండి.”

“ఆయన రేపల్లెలో ఉంటే నాకు బాపట్లలో మా అన్నయ్య ఉన్నాడు,” అంది సుందరమ్మ లేచి నిలబడుతూ.

రెండో శనివారం స్కూలుకు సెలవు. సుందరమ్మ మనవరాల్ని వెంటబెట్టుకుని పొద్దున్నే బాపట్ల రైలెక్కింది. ఒక్క మార్కు కోసం ఊరు దాటి వెళ్ళడమేంటని రవిశంకర్ అన్నాడు గానీ, తల్లి చీర మార్చుకున్నాక ఆయన మాట చెల్లిన రోజు లేదు.

రామబ్రహ్మం ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. వదిన చీరలు కొనడానికి చీరాల వెళ్ళింది. ఆవిడ లేని ఇంట్లో ఆయన మూడోసారి కాఫీ పెట్టుకుంటూ, చెల్లెల్ని చూసి సంతోషించి, ప్రశ్న విని ఇంకా ఎక్కువ సంతోషించాడు. రిటైరైన తర్వాత ఆయన్ని గ్రామరు అడిగినవాళ్ళు లేరు. అపార్ట్‌మెంటు వాళ్ళు నీళ్ళ మోటారు గురించి మాత్రమే అడుగుతున్నారు.

“నౌను,” అన్నాడాయన. “ముమ్మాటికీ నౌను. చూడు శ్రీవిద్యా. మీ నానమ్మ రైల్వే స్టేషన్లో కూర్చుని టికెట్లిచ్చిందనుకో. అప్పుడు మీ నానమ్మ ఎవరు?”

“నానమ్మే.”

“అంతే. ఆ పూటకి క్లర్కు పని చేసింది. అంతమాత్రాన నానమ్మ కాకుండా పోదు. వంకాయ కూడా అడ్జెక్టివు కుర్చీలో కూర్చుని అడ్జెక్టివు పని చేస్తోంది. మనిషి మాత్రం నౌనే. ఎవరా టీచరుకి ఇలా నేర్పింది?”

“రేపల్లెలో హనుమాన్‌ప్రసాద్ గారట అన్నయ్యా,” అంది సుందరమ్మ.

రామబ్రహ్మం కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. తర్వాత లోపలికి వెళ్ళి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు.

“ఎక్కడికి అన్నయ్యా?”

“రేపల్లె.”

దారిలో తెలిసింది సంగతి. రామబ్రహ్మం, హనుమాన్‌ప్రసాద్ ఒకే కాలేజీలో ఒకే గదిలో చాలా ఏళ్ళు పనిచేశారు. కలిసి టీ తాగేవాళ్ళు, కలిసి సూర్యలంక బీచికి నడిచేవాళ్ళు. ఒక ఎండాకాలం పరీక్ష పేపర్లు దిద్దుతుంటే ‘గోల్డ్ చెయిన్’ అనే మాట వచ్చింది. గోల్డ్ నౌను అని రామబ్రహ్మం అన్నాడు. హనుమాన్‌ప్రసాద్ ఏదో అన్నాడు. ఆ తర్వాత వాళ్ళు మాట్లాడుకోలేదు. ఒకే ఫ్యాను కింద కూర్చుని, అటెండరు దేవదానం ద్వారా సంభాషించేవారు. దేవదానం, ఆ సారుని కిటికీ మూయమను. దేవదానం, ఆ సారుకి లేచి మూసుకోవడం రాదా అని అడుగు. రిటైర్మెంటు సభలో కూడా ఒకరి దండ ఒకరికి దేవదానమే వేశాడు.

“ఇన్నేళ్ళూ ఆయన అదే తప్పు పిల్లలకి నేర్పుతున్నాడన్నమాట,” అన్నాడు రామబ్రహ్మం బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ. ఆయన గొంతులో కోపం కంటే ఉత్సాహం ఎక్కువుందని సుందరమ్మకు అనిపించింది.

బస్సు చెరుకుపల్లిలో ఆగింది. అరటిపళ్ళ గంపతో ఒకావిడ ఎక్కి, తిన్నగా రామబ్రహ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

“బాబాయ్ గారూ, ఇది లేడీస్ సీటండి.”

రామబ్రహ్మం తల పైకెత్తి కిటికీ మీద రాసింది చదివాడు. ఆయన ముఖం వెలిగింది. “చూశావా సుందరం. లేడీస్ సీటు. లేడీస్ ఇక్కడ ఏంటి? సీటు ఎలాంటిదో చెప్తోంది. అలాగని అడ్జెక్టివా? కానే కాదు. బహువచనం కూడా ఉంది. నౌను.”

“ఏదైనా లెగండి బాబాయ్ గారూ,” అంది గంప ఆవిడ.

ఆయన లేచాడు. రేపల్లె దాకా కమ్మీ పట్టుకుని నిలబడే వచ్చాడు, కానీ ఆ సీటు దొరికినందుకు దారంతా ఆనందంగానే ఉన్నాడు. మధ్యలో రెండుసార్లు వంగి, లేడీస్ అన్న మాట మర్చిపోవద్దని, అక్కడికెళ్ళాక గుర్తు చేయమని శ్రీవిద్యకు చెప్పాడు.

హనుమాన్‌ప్రసాద్ ఇల్లు స్టేషనుకు దగ్గర్లోనే. ఆయన భార్య లలిత తలుపు తీసింది. సుందరమ్మ తను ఎవరో చెప్పబోతుండగా లలిత చూపు వెనకున్న రామబ్రహ్మం మీద పడింది.

“అన్నయ్య గారూ, మీరా,” అంది. తర్వాత లోపలికి తిరిగి, “ఏవండీ, మీరు రోజూ తిట్టే ఆయన వచ్చారు,” అని కేకేసింది.

హనుమాన్‌ప్రసాద్ పెరట్లో మొక్కలకు నీళ్ళు పోస్తున్నవాడు మగ్గు చేత్తోనే వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, బనీనులో ఉన్నాడు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. అలవాటు కొద్దీ ఇద్దరూ దేవదానం కోసం పక్కకి చూశారు. అక్కడ శ్రీవిద్య ఉంది.

“అమ్మాయీ, ఆయన్ని కూర్చోమను,” అన్నాడు హనుమాన్‌ప్రసాద్.

“తాతయ్యా, కూర్చోమంటున్నారు,” అంది శ్రీవిద్య.

“బ్రింజాల్ ఫ్రైలో బ్రింజాల్ ఏంటో చెప్పమను. అప్పుడు కూర్చుంటాను.”

శ్రీవిద్య ఆ మాట అందించింది. హనుమాన్‌ప్రసాద్ మగ్గు కింద పెట్టాడు. వంకాయ సంగతి విని, పేపరు తెప్పించుకుని చూశాడు. ఆ చూడడంలో దేవదానం పద్ధతి ఇద్దరికీ మరుపొచ్చింది.

“ఇది ఫ్రై గురించి చెప్తోందా లేదా?” అన్నాడు హనుమాన్‌ప్రసాద్ నేరుగా.

“చెప్తే మాత్రం? అడ్జెక్టివు అయితే ముందు వెరీ పెట్టు చూద్దాం. వెరీ బిగ్ అంటాం. వెరీ బ్రింజాల్ ఫ్రై అంటావా?”

“వుడెన్ చెయిర్ అంటాం. వెరీ వుడెన్ చెయిర్ అంటావా? మరి వుడెన్ అడ్జెక్టివు కాదా? నౌను అయితే బహువచనం పట్టాలి కదా. పది వంకాయలు వేసి చేసినా బ్రింజాల్స్ ఫ్రై అంటావా?”

“తాతయ్యా, లేడీస్,” అంది శ్రీవిద్య.

“లేడీస్,” అన్నాడు రామబ్రహ్మం చెయ్యి పైకెత్తి. “లేడీస్ సీటు. స్పోర్ట్స్ డే. దీనికేం చెప్తావు?”

హనుమాన్‌ప్రసాద్ బనీను మీద చొక్కా తొడుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు. ఇది చిన్న విషయం కాదని ఆయనకు అర్థమైంది.

లలిత సుందరమ్మను వంటింట్లోకి తీసుకెళ్ళింది. “అన్నం టైమైంది వదినా. భోంచేసి వెళ్ళాలి. ఏం కూర చెయ్యమంటారు?”

“ఇంకేం కూర,” అంది సుందరమ్మ.

కొల్లిపర నుంచి చుట్టాలు తెచ్చిన వంకాయలు బుట్టనిండా ఉన్నాయి, నీలంగా నిగనిగలాడుతూ. సుందరమ్మ కత్తిపీట ముందు కూర్చుని ఒకదాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎటు చూసినా నామవాచకంలాగే ఉంది. నాలుగు పక్షాలుగా కోసి ఉప్పునీళ్ళలో వేసింది.

“రోజూ నాతోనే అండి ఈ గోల,” అంది లలిత కారప్పొడి దంచుతూ. “పొద్దున్నే పేపరు పట్టుకుని ఇది నౌనా, ఇది వెర్బా అని అడుగుతారు. నేను తెలుగు మీడియం. ఏదడిగినా వెర్బు అంటాను. నాకు ఆ మాట తేలిగ్గా వస్తుంది. అప్పుడు ఆయన అరగంట చెప్తారు. నా పప్పు మాడిపోతుంది.”

“మా అన్నయ్య అపార్ట్‌మెంటు మోటారుతో మాట్లాడుకుంటున్నాడు.”

వరండాలోంచి కేకలు వినిపిస్తున్నాయి. ఒకరు స్కూల్ బస్ అంటున్నారు, ఇంకొకరు టీ కప్ అంటున్నారు. వంకాయలు నూనెలో పడ్డాక కేకలు కొంచెం తగ్గాయి. కారం చల్లాక పూర్తిగా ఆగిపోయి, ఇద్దరూ పిలవకుండానే భోజనాల బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నారు.

తినేటప్పుడు హనుమాన్‌ప్రసాద్ రెండోసారి వేయించుకుంటూ అన్నాడు. “ఆ సునీల మంచి పిల్లే. కానీ సగమే రాసుకునేది. నేను క్లాసులో ఏం చెప్పేవాణ్ణి? ఇక్కడ నౌను అడ్జెక్టివు లాగా పనిచేస్తుంది అని చెప్పేవాణ్ణి. ఆ అమ్మాయి ‘లాగా’ వదిలేసింది.”

రామబ్రహ్మం చేతిలో ముద్ద ఆగిపోయింది. “ఏమన్నావు?”

“నౌనే. అడ్జెక్టివు లాగా పనిచేస్తుంది.”

“మరి ఇందాకట్నుంచీ వుడెన్ అన్నావు, బ్రింజాల్స్ అన్నావు?”

“నువ్వు సరిగ్గా చెప్తావో లేదో చూద్దామని అన్నాను. వచ్చీ రాగానే వాదన మొదలుపెట్టావు. ఊరుకుంటే బాగుంటుందా?”

“అంటే గోల్డ్ చెయిన్ రోజు కూడా—”

“అదే చెప్పాను. నౌను, అడ్జెక్టివు లాగా పనిచేస్తుంది అన్నాను. నువ్వు పేపర్లు విసిరేసి వెళ్ళిపోయావు.”

“నాకు అడ్జెక్టివు అని మాత్రమే వినపడింది.”

“ఆ ఫ్యాను చప్పుడు అలాంటిది. దాన్ని ఆపమని దేవదానంతో ఎన్నిసార్లు చెప్పించాను నీకు.”

లలిత చారు గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. ఇన్నేళ్ళ పగ అన్నం తింటుండగా పోయింది. అది పోయినందుకు సంతోషించాల్సిన ఇద్దరు పెద్దమనుషులూ, పండగ రద్దయిందని విన్న పిల్లల్లా విస్తట్లోకి చూస్తున్నారు. ఒకే మాట మీద ఉన్నామంటే ఇక మాట్లాడుకోవడానికి ఏముంది?

రామబ్రహ్మం మజ్జిగ పోసుకున్నాడు. కలుపుకున్నాడు. కాసేపయ్యాక మెల్లగా అడిగాడు.

“అయితే మరి, ‘వాషింగ్ మెషీన్’లో వాషింగ్ ఏమంటావు?”

హనుమాన్‌ప్రసాద్ కళ్ళు పైకి లేచాయి. “వెర్బులోంచి పుట్టిన నౌను. నువ్వు?”

“అడ్జెక్టివు,” అన్నాడు రామబ్రహ్మం. ఆయన కావాలనే అలా అన్నాడని సుందరమ్మకు చిన్నప్పటి నుంచీ తెలిసిన ఆ ముఖం చూస్తే అర్థమైంది. హనుమాన్‌ప్రసాద్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. లలిత చారు గిన్నె కింద పెట్టి, “అన్నయ్య గారూ, మీరు ప్రతి శనివారం వస్తూ ఉండండి. నా పప్పు బతుకుతుంది,” అంది.

చేతులు కడుక్కున్నాక హనుమాన్‌ప్రసాద్ సునీలకు ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు. సార్ గొంతు వినగానే అవతల ఆ అమ్మాయి లేచి నిలబడిన చప్పుడు వినిపించింది. లాగా అన్న మాట గురించి ఆయన చెప్పిందంతా విని, “అవునండి సార్. నేనే తప్పు దిద్దానండి. సోమవారం మార్కు వేస్తానండి. శ్రీవిద్యకి సారీ కూడా చెప్తానండి,” అంది. తర్వాత కొంచెం ఆగి, “సార్, క్లాసులో ఎవరూ అంత కరెక్టుగా రాయలేదు సార్. అందరూ అడ్జెక్టివ్ అనే రాశారు. ఆ పాప ఎలా కనిపెట్టిందో అడగండి సార్,” అంది.

అందరూ శ్రీవిద్య వైపు తిరిగారు. ఇద్దరు లెక్చరర్లూ ముందుకు వంగారు. సుందరమ్మ గుండె పొంగింది. తన పద్ధతి గురించి మనవరాలు ఏం చెప్తుందోనని చూస్తోంది.

“చెప్పమ్మా,” అన్నాడు హనుమాన్‌ప్రసాద్. “నౌను అని ఎలా తెలిసింది నీకు?”

శ్రీవిద్య నానమ్మ వైపు చూసింది. తర్వాత నేల వైపు చూసింది.

“నాకు అడ్జెక్టివ్ స్పెల్లింగు రాదండి,” అంది.

లలిత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పేపరు మళ్ళీ తీసి చూస్తే నిజమే. హ్యాపీ అనే మాట దగ్గర ఖాళీ వదిలేసింది. బ్యూటిఫుల్ దగ్గర ఏదో రాసి, రబ్బరుతో రుద్ది, కాగితం చిల్లు పడేదాకా తుడిచింది. బ్రింజాల్ దగ్గరికి వచ్చేసరికి విసుగుపుట్టి, వచ్చిన స్పెల్లింగు రాసేసింది.

“సరే, మార్కు మార్కే,” అన్నాడు రామబ్రహ్మం చివరికి. “జవాబు కరెక్టు. ఎందుకు రాసిందని ప్రశ్నలో అడగలేదు.”

“అదీ నిజమే,” అన్నాడు హనుమాన్‌ప్రసాద్. ఆ రోజు వాళ్ళిద్దరూ గొడవ లేకుండా ఒప్పుకున్న మాట అదొక్కటే.

ఆ సాయంత్రం బాపట్ల వెళ్ళాల్సిన రామబ్రహ్మం వెళ్ళలేదు. వాషింగ్ మెషీన్ ఇంకా తేలలేదు. చీరాల నుంచి వచ్చిన వదిన ఫోన్ చేస్తే, ఆదివారం వస్తానని చెప్పి పెట్టేశాడు. సుందరమ్మ, శ్రీవిద్య మాత్రం తెనాలి రైలెక్కారు. లలిత కట్టిచ్చిన వేపుడు డబ్బా సంచిలో ఇంకా వెచ్చగా ఉంది.

భట్టిప్రోలు దాటేదాకా సుందరమ్మ ఆ టెస్టు పేపరునే తిప్పి తిప్పి చూసింది. మనవరాలు భయపడుతూ పక్కనే కూర్చుంది.

“కోపం వచ్చిందా నానమ్మా?”

“లేదే. నోటితో చెప్పు. ఏ, డి, జె, ఇ, సి, టి, ఐ, వి, ఇ.”

శ్రీవిద్య చెప్పింది. మొదటిసారి సి మింగేసింది. రెండోసారి సరిగ్గా వచ్చింది. వేమూరు వచ్చేసరికి ఎదురు సీటులో కూర్చున్న పెద్దాయనకు కూడా వచ్చేసింది. ఆయన కూడా మెల్లగా పెదాలు కదుపుతున్నాడు.

“నానమ్మా, మధ్యలో ఆ డి ఎందుకు? పలికేటప్పుడు వినపడదు కదా?”

సుందరమ్మ ఆలోచించింది. సంచిలోంచి ఫోన్ తీసి అన్నయ్య నెంబరు దాకా వెళ్ళింది. అవతల వరండాలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉంటారు. ఈ డి సంగతి వాళ్ళ చెవిన పడితే ఏమవుతుందో ఊహించుకుంది. ఫోన్ మళ్ళీ సంచిలో పెట్టేసి, డబ్బా మూత తీసింది.

“ముందు ఇది తిను,” అంది.